పన్ను ఎవరికి చెల్లించు ఋణము?

“ప్రభుత్వము మాకేమి యిచ్చినదని పన్ను కట్టవలయును? చదువు మా తెలివివలన వచ్చినది, సంపద మా చెమటవలన వచ్చినది” అను మాట విద్యావంతుల గృహములయందు సయితము తఱచుగ వినబడుచున్నది. ఇట్లనువారిని నిందించుట సులభము. వారి వాదమును విచారించుట మేలు.

గోదావరి డెల్టాను చూడుడు. 1832-33 నాటి ఘోరక్షామమునకు లోనైన ఆ సీమలో, 1847లో ఆర్థరు కాటను దొర పూనికచే ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని యారంభమై 1852లో ముగిసెను. కాలువలు పాఱిన పిమ్మట మెట్ట మాగాణి యయ్యెను. మాగాణివలన ధాన్యము, ధాన్యమువలన వర్తకము, వర్తకమువలన బడులు, బడులవలన ఉద్యోగములు కలిగెను. ఆ సీమనుండి పోయి నేడు దూరదేశమున వైద్యుడై ధనమార్జించువాని సంపదయందును ఆ కాలువనీటి తడి కలదు. కావున స్వార్జితమన్న మాట సగము మాత్రమే సత్యము.

అయినను ఇంతమాత్రమున పన్ను ఋణమగునా? కోరకయే చేసిన యుపకారమునకు పిదప వెల యడుగుట న్యాయమా? ఈ యాక్షేపణము బలమైనది. కుంపిణీవారు ఆనకట్టను కేవలము దయచే కట్టలేదు. శిస్తు పెరుగునను నాశయు వారికి కలదు. వారి బొక్కసమున నున్నది ప్రజలు చెల్లించిన ధనమే. రాళ్లు మోసినవారు కూలివారే. పాలకులయెడ కృతజ్ఞతయే పన్నునకు మూలమైనచో, 1921లో చీరాల పేరాల ప్రజలు కృతఘ్నులు కావలసి వచ్చును. పురపాలక సంఘపు పన్నులు మోయజాలమని వారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరు విడిచి, రామనగరమను పేర పాకలు వేసికొని నెలల తరబడి ఎండవానలకోర్చిరి. వారిని కృతఘ్నులని యెవరనగలరు?

కాబట్టి ఋణము పాలకునకు గాదు. రాజు గ్రహించు నాఱవ పాలు రక్షణకు వేతనమని ప్రాచీన ధర్మశాస్త్రములయందు కలదు. వేతనము పుచ్చుకొనువాడు సేవకుడే గాని ఋణదాత కాడు. మనకు నిజమైన ఋణదాతలు ఆ కూలివారును, మనకు పూర్వము శిస్తు కట్టిన రైతులును. వారు గతించిరి. వారికి తీర్చలేని యప్పును రాబోవువారికి తీర్చవలయును. పితృఋణము సంతానమువలన తీరునని పెద్దలు చెప్పినదానియందు ఈ న్యాయమే యున్నది.

ఇచట మా తప్పొకటి చెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట మేమొక యింటిస్థలము కొంటిమి. దస్తావేజులో వ్రాయించిన వెల వేఱు, చేతికిచ్చిన వెల వేఱు. “లోకమంతయు నిట్లే చేయుచున్నదండీ” యని దస్తావేజు లేఖరి చెప్పగా తల యూచితిమి. ఇల్లు చేరునప్పటికి మా యింట పాత్రలు తోమునామె అంగడినుండి సబ్బుబిళ్ల కొని తెచ్చుచుండెను. 2017 జూలై మొదలు వస్తుసేవల పన్ను ఆ సబ్బు వెలలోనే చేరియున్నది. దానిని తప్పించుటకు ఆమెకు లేఖరి లేడు. మేము దాచినది ప్రభుత్వమునుండి గాదు, ఆమెనుండి యని అప్పుడు మాకు తోచినది. మేమెగవేసినది ఎవరో యొకరు మోయవలసినదే గదా!

“ప్రజాధనము దుర్వ్యయమగుచున్నది గదా” యందురు. కొంత నిజమే. అందులకు లెక్క యడుగవలయును. చట్టము లేక పన్ను విధింపరాదని మన రాజ్యాంగము 265వ అధికరణమున శాసించుచున్నది. ఆ చట్టము చేయువారిని ఎన్నుకొనువారము మనమే. అటుపైని భరింపరాని యన్యాయము తోచెనా, చీరాలవారివలె బహిరంగముగ నిరాకరించి ఫలము ననుభవింపవలయును. వారు పన్నుతోపాటు ఊరిని సయితము వదలుకొనిరి. మేమో, ఊరిసుఖముల ననుభవించుచు పన్నును మాత్రమే వదలుకొంటిమి. వారిది సత్యాగ్రహము, మాది దొంగతనము.

అంగడివాడు “బిల్లు లేకున్న వెల తగ్గింతును” అనినప్పుడు మన గృహిణులును గృహస్థులును చెప్పవలసిన యుత్తర మొక్కటే: “బిల్లు వ్రాయుము.” ఆ మాట మేమును ఆలస్యముగనే నేర్చుకొంటిమి.