కడపటి ఔషధము – ధర్మవిచారము

ఇంటి పెద్దకు కాన్సరు ముదిరినది. శస్త్రచికిత్స, కిరణచికిత్స, కీమోథెరపీ అన్నియు అయినవి. "ఇక రోగమును తగ్గించు మందు లేదు" అని వైద్యుడు చెప్పివేసినాడు. ఆ రాత్రి బంధువొకడు ఫోను చేసి, పశువులకు నులిపురుగుల కొరకు ఇచ్చు ఫెన్‌బెండజోల్ కాన్సరును మాన్పునట అని చెప్పును. మందు చౌక. అంగట దొరకును. ఇప్పుడు కుమారుని ధర్మమేమి?

"పోయేదేమున్నది, ఇచ్చి చూడుము" అందురు కొందరు. "ఋజువు కానిదంతయు మోసమే" అందురు మరికొందరు. జైనదృష్టికి రెండును ఏకాంతవాదములే.

ఒక రోగమునకు వచ్చిన మందు వేరొక రోగమునకు పనికివచ్చుట కలదు. థాలిడోమైడ్ 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమందుగా అమ్మకమునకు వచ్చినది. గర్భిణులు వాడగా వేలమంది శిశువులు అవయవలోపముతో పుట్టిరి. 1961లో దానిని అక్కడి అంగళ్లనుండి తీసివేసిరి. ఆ మందే మైలోమా అను కాన్సరుపై పనిచేయునని 1999లో వైద్యులు ప్రకటించిరి. 2006లో అమెరికా ప్రభుత్వము అందులకు అనుమతించినది. అయితే అది పరీక్షకు నిలిచిన పిమ్మటనే. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్‌పైనను ఇట్టి ఆశయే పుట్టినది. 3,649 మంది రొమ్ముకాన్సరు రోగులతో జరిపి 2022లో ప్రకటించిన పరీక్షలో ఆశించిన మేలు కనబడలేదు.

గాజుపాత్రలోని కణములను మందు చంపినది అనుట ఒక దృష్టి. మనుష్యదేహములో అది మేలు చేయుననుట వేరొక దృష్టి. మొదటిదానిని చూపి రెండవదానిని అమ్మువాడు తప్పుతూకము తూచినట్లే. ఫెన్‌బెండజోల్ మనుష్యుల కాన్సరును మాన్పునని ఋజువు లేదు. దానిని పుచ్చుకొని కాలేయము చెడినవారి సంగతి వైద్యులు ప్రకటించియున్నారు. కాబట్టి "పోయేదేమున్నది" అనుట సరి కాదు. మిగిలిన నాలుగు దినముల నెమ్మది పోవును.

అసలు ప్రశ్న వేరొకటి కలదు. ఈ మందు ఎవరి కొరకు? తండ్రి బాధ తీరుటకా, "కొడుకు ఏమియు చేయలేదు" అను లోకుల మాట తప్పించుకొనుటకా? రెండవదైనచో అది సేవ కాదు, స్వార్థము. దాని వెల రోగి చెల్లించుచున్నాడు.

కుమారుడు మొదట తండ్రిని అడుగవలెను, దేహము ఆయనది. పిదప వైద్యునికి దాచక చెప్పవలెను. ఏదైన ఆసుపత్రిలో ఆ రోగమునకు క్రమమైన ఔషధపరీక్ష జరుగుచున్నదేమో విచారింపవలెను. అందు ఫలితము రాకున్నను రాబోవు రోగులకు జ్ఞానము మిగులును. అప్పుచేసి ఆశను కొనరాదు.

నొప్పిని తగ్గించు మార్ఫిన్ ఋజువైన మందు. రోగము మానకున్నను వైద్యుని సలహాపై దానిని అందించుట ఔషధదానమే. మంచము వద్ద కూర్చుండి, తండ్రి చేయిపట్టుకొని, ఆయన భయమును పోగొట్టుట అభయదానము. ఈ రెండింటికిని పరీక్ష అవసరము లేదు. ఇవి ఏ ఇంటనైనను ఈ దినముననే చేయదగినవి.