మూకుడులో మిగిలిన నూనె

నిన్న సాయంత్రం గారెలు వేశాక మిగిలిన పొద్దుతిరుగుడు నూనెను స్టీలు గిన్నెలోకి వంపి పొయ్యి పక్కన పెట్టారా? ఒకసారి మూత తీసి చూడండి. ప్యాకెట్ కత్తిరించినప్పుడు లేత పసుపు రంగులో ఉన్నది, ఇప్పుడు ముదురు తేనెరంగుకి దిగి ఉంటుంది.

పొద్దుతిరుగుడు నూనె చెడ్డదేమీ కాదు. అందులో ‘ఇ’ విటమిన్ పుష్కలం. సంతృప్త కొవ్వు నూటికి సుమారు 11 పాళ్లే. వెన్న, వనస్పతి బదులు వాడితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. కానీ అందులో ఎక్కువగా ఉండే లినోలిక్ ఆమ్లం వేడికి త్వరగా చెడుతుంది. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే ఆల్డిహైడ్ల వంటి హానికర పదార్థాలు పుడతాయి. పైగా ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలు!

ఒకే నూనెకు కట్టుబడక, రకరకాల నూనెలు మార్చి మార్చి వాడమంటుంది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. ఈ నెల పొద్దుతిరుగుడు అయితే, వచ్చే నెల వేరుశనగో నువ్వుల నూనో తెచ్చుకోవచ్చు.

గిన్నెలో మిగిలినదాన్ని మళ్లీ వేపుళ్లకు పెట్టకండి. ఒకటి రెండు రోజుల్లో కూర తాలింపుకు వాడేయండి. అదీ వంపడం కాదు, చెంచాతో కొలిచి.