సేవకు సమాప్తి కలదా?

నల్లమల కొండలలో వెలసిన అహోబిల దివ్యక్షేత్రాన్ని సేవించి వచ్చిన యాత్రికులకు 'ప్రహ్లాద బడి' అనే తావు పరిచితమే. ఎగువ అహోబిలపు కొండలలో, రాతి చరియ క్రింద ఉన్న చిన్న స్థలం అది. పరమభాగవతుడైన ప్రహ్లాదుడు బాల్యంలో అక్కడ విద్య నేర్చినాడని ఆ ప్రాంతవాసుల విశ్వాసం. నడిచి నడిచి అలసిన యాత్రికుడు అక్కడ ఒక క్షణం కూర్చుంటే, చండామార్కుల గురుకులమూ, అందులోని దానవ బాలకులూ మనస్సులో మెదలక మానరు.

శ్రీమద్భాగవత సప్తమస్కంధంలో ఈ బడిని గురించిన ముచ్చట ఒకటి కలదు. గురువులు గృహకృత్యాలకై వెళ్ళిన సమయంలో ప్రహ్లాదుడు తోటి బాలురను చేరబిలిచి, ఆటపాటలు మాన్పించి, హరిభక్తిని బోధించినాడు. తాను ఎరిగిన మేలును తనలోనే దాచుకొనక పదిమందికీ పంచినాడు. ఆ తరువాత నరసింహస్వామి సాక్షాత్కరించి వరములు ఇవ్వబూనినప్పుడు కూడా, దీనులైన వీరందరినీ విడిచి నేనొక్కడినే ముక్తి పొందజాలనని విన్నవించుకొన్నాడు. బడిలో మొదలైన ఆ పరహిత బుద్ధి బడితో ముగియలేదన్నమాట.

ఈ కథను తలచినప్పుడల్లా నా మనస్సులో ఒక ప్రశ్న ఉదయిస్తుంది. చదువుకొనే రోజులలో చేపట్టిన సేవ చదువు ముగియగానే ముగిసిపోవలసినదేనా? ముగియరాదంటే, బడి విడిచినవాడు ఆ సేవాబృందంలో ఏ స్థానంలో నిలువవలెను?

ఇది కేవలం పురాణ చర్చ కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలోని ఎన్నో ఇళ్ళకు సంబంధించిన ప్రశ్న. మన పిల్లలు కళాశాలలో చేరి జాతీయ సేవా పథకంలో, అనగా అందరి నోటా వినిపించే ఎన్.ఎస్.ఎస్.లో, సభ్యులవుతారు. మహాత్మాగాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, అప్పటి కేంద్ర విద్యామంత్రి డాక్టరు వి.కె.ఆర్.వి. రావు గారు ఈ పథకాన్ని 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభించినారు. ఇందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు సమాజసేవ చేయాలి. ఏడు రోజులు ఒక పల్లెలో శిబిరం వేసుకొని, ఊరివారితో కలిసి పనిచేయాలి. ఈ పథకానికి చిహ్నం కోణార్క సూర్యదేవాలయంలోని రథచక్రం. నినాదం 'నేను కాదు, నీవు' అన్నది.

శ్రీవైష్ణవ సంప్రదాయం ఎరిగినవారికి ఈ నినాదం కొత్తది కాదు. భగవంతుడు శేషి, జీవుడు శేషభూతుడు అని మన పూర్వాచార్యులు ఉపదేశించినారు. తన కొరకు గాక పరుని కొరకు ఉండటమే శేషత్వం. కళాశాల విద్యార్థి తన చొక్కాకు తగిలించుకొనే చిన్న బిళ్ళలో ఇంతటి వేదాంతం ఇమిడి ఉన్నది. కాని, 240 గంటలు నిండినంతనే అతని చేతికి ధ్రువపత్రం వస్తుంది. 'నేను కాదు' అన్న మాటకు గడువు తీరి, మరునాటి నుండి 'నేనే' అనవచ్చునా?

దీనికి లోకంలో రెండు విధాలైన సమాధానాలు వినవస్తాయి. బ్రహ్మచర్యం ముగిసినది, ఇక ఉద్యోగం, వివాహం, తల్లిదండ్రుల పోషణ, పిల్లల చదువు ఇవే ధర్మములు, సేవ చిన్ననాటి ఉత్సాహం మాత్రమే అని కొందరంటారు. సేవ రుచి మరిగినవాడు దానిని విడువజాలడు, ఎన్నేళ్ళు గడచినా ఆ బృందం నాదే అని మరికొందరంటారు. మొదటిది విడిచిపోవటం. రెండవది విడువకపోవటం. రెంటిలోనూ దోషం ఉన్నదని నేను అనుభవం మీద తెలుసుకొన్నాను.

విద్యార్థిగా నేను పాల్గొన్న శిబిరం ఆళ్లగడ్డ ప్రాంతంలోని ఒక పల్లెలో జరిగినది. ఆ ఏడు రోజులూ ఊరి మంచినీటి బావిలో పూడిక తీసినాము. ఎన్నో ఏళ్ళ తరువాత అదే పల్లెలో శిబిరం జరుగుతున్నదని, పూర్వవిద్యార్థిగా రమ్మని నాకు పిలుపు వచ్చినది. వెళ్ళినాను. కుర్చీ వేసినారు, మెడలో దండ వేసినారు. నేను గంటకు పైగా మాట్లాడినాను. మా కాలంలో క్రమశిక్షణ ఎట్లుండెనో, మేము ఎంత శ్రమించితిమో, ఇప్పటి వారిలో ఏమి లోపించినదో విస్తరించి చెప్పినాను. పలుగూ పారా ప్రక్కన పెట్టి పిల్లలు ఎండలో నిలబడి విన్నారు. తరువాత నాకు ముందుగా విస్తరి వేసి వడ్డించినారు. ఆగిన పని పూర్తి చేసి వారు భోజనాలకు కూర్చొనేసరికి ప్రొద్దు వాలినది.

నేను బయలుదేరబోతుండగా, గోడ వారన కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను తేరిపార చూసి అడిగినది: "ఏం నాయినా, అప్పుట్లో మా బాయిలోకి దిగి మట్టి ఎత్తినోడివి నువ్వే కదా? ఇప్పుడు కుర్చీలోంచి దిగవా ఏంది?"

ఆమె మాటలో నింద లేదు. తెలిసిన పిల్లవాణ్ణి చూసిన ఆప్యాయతే ఉన్నది. అయినా ఆ ప్రశ్న నంద్యాల చేరేవరకూ నన్ను విడువలేదు. నేను శిబిరానికి తిరిగి వచ్చినాను గాని సేవకు తిరిగి రాలేదు. 'నేను కాదు' అన్న నినాదం క్రింద కూర్చొని గంటసేపు 'నేను' అన్న మాటనే జపించినాను.

మరి తిరిగి వచ్చే విధానం ఏది? దానికి సమాధానం నాకు అహోబిలేశుని పారువేట ఉత్సవంలో లభించినది. సంక్రాంతి మరునాడు, కనుమ పండుగనాడు, స్వామి పల్లకినెక్కి కొండ దిగుతారు. చెంచులక్ష్మిని చేపట్టిన స్వామి ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలలో జరిగే తన కల్యాణానికి ప్రజలను తానే స్వయంగా పిలువ వస్తారని ఈ సీమ ప్రజల నమ్మకం. సుమారు నలభై రోజులపాటు ముప్పైకి పైగా పల్లెలలో స్వామి సంచరిస్తారు. ఊరూరా తెలుపులు వేసి, పందిళ్ళు కట్టి, గుమ్మం ముందుకు వచ్చిన దేవుణ్ణి జనం కొలుచుకొంటారు.

ఆ పల్లకిని మోసే బోయీలను శ్రద్ధగా గమనించండి. ఒకే మనిషి దారి పొడుగునా మోయలేడు. కొంత దూరం పోగానే భుజం మార్చుకొంటారు. క్రొత్తవాడు కొమ్ము క్రింద భుజం పెడతాడు, పాతవాడు తప్పుకొంటాడు. తప్పుకొన్నవాడు ఇంటికి పోడు. అట్లని కొమ్మును పట్టుకొని వ్రేలాడడు. వ్రేలాడితే మోసేవానికి బరువు పెరుగుతుందే గాని తగ్గదు. అతడు పల్లకి ప్రక్కనే నడుస్తాడు. ఎక్కడ గుంట ఉన్నదో, ఎక్కడ రాయి ఉన్నదో ముందుగా హెచ్చరిస్తాడు. మోసేవాని కాలు తొట్రుపడితే తన భుజం అందిస్తాడు. పల్లకి మాత్రం ఆగదు.

కళాశాల విడిచిన సేవకుని స్థానం ఇదియే. బరువు మోయవలసినవారు, మోయటం నేర్వవలసినవారు నేటి విద్యార్థులు. నిర్ణయాలు వారివి, పొరపాట్లు వారివి, పేరు కూడా వారిదే కావాలి. ప్రక్కన నడిచే భుజం మనది.

శ్రీమద్రామాయణంలో రాముని ముగ్గురు తమ్ములను మన పెద్దలు సేవకు మూడు ఆదర్శాలుగా చూపుతారు. లక్ష్మణుడు స్వామిని విడువక అడవులకు వెంట నడచి అన్ని కైంకర్యములూ చేసినాడు. భరతుడు స్వామి ఆజ్ఞకు తలయొగ్గి, పాదుకలను శిరసావహించి, నందిగ్రామంలో దూరంగా ఉండి పదునాలుగేళ్ళు రాజ్యభారం మోసినాడు. శత్రుఘ్నుడు రాముని భక్తుడైన భరతుని సేవించినాడు. భాగవతులకు దాసుడగుటయే సేవకు పరాకాష్ఠ అని సంప్రదాయం. విద్యార్థిగా పల్లెలో పారపట్టిన రోజులు లక్ష్మణుని వంటివి. ఉద్యోగార్థమై హైదరాబాదులోనో, బెంగళూరులోనో, సముద్రాల కావలనో ఉండవలసి వచ్చినవానిది భరతుని మార్గం. తిరిగి ఆ బృందం దగ్గరకు వచ్చినవానిది శత్రుఘ్నుని మార్గం. అతడు సేవకులకు సేవకుడు.

'సంసారం ఉన్నది కదా, తీరిక ఏది?' అని అడుగుదురేమో. ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్రహ్లాదుని కూడా స్వామి సన్యసించమనలేదు. దైత్యులకు రాజువై ధర్మంగా పాలించుమని ఆజ్ఞాపించినాడు. గృహధర్మాన్ని విడిచి చేసే సేవ సేవ కాదు. ఆకలితో ఉన్న తల్లిని ఇంట విడిచి ఊరికి అన్నం పెట్టబోవటం ధర్మం కాజాలదు. కాని ప్రక్కన నడిచేవానికి కావలసిన తీరిక స్వల్పమే. రక్తదానం చేయటానికి పురుషులకు మూడు నెలలకొకసారి, స్త్రీలకు నాలుగు నెలలకొకసారి అవకాశం ఉన్నది. శిబిరం జరిగే పల్లెకు రెండు బస్తాల బియ్యం పంపవచ్చు. డిగ్రీ ముగించి దారి తోచని వాలంటీరుకు ఒక ఉత్తరం వ్రాసి ఉద్యోగమార్గం చూపవచ్చు. సెలవులలో వచ్చి ఒక్క పూట వంటశాలలో కూరలు తరిగినా చాలును. తిరుమలలో 2000 సంవత్సరంలో ప్రారంభమైన శ్రీవారి సేవలో ఉన్నతోద్యోగులు సైతం భక్తుల పంక్తిలో అన్నం వడ్డించటం చూస్తున్నాము కదా. కొండపై అలవడిన ఆ వినయం క్రింద మన ఊరి శిబిరంలో ఎందుకు కలుగరాదు?

మరుసటి ఏడు పిలువకుండానే ఆ శిబిరానికి వెళ్ళినాను. ప్రోగ్రాం ఆఫీసరు గారు కుర్చీ తెప్పించబోతే వద్దన్నాను. బావిలోకి దిగే వయస్సు నాకు దాటిపోయినది. పైన నిలబడి, పిల్లలు చేదిన మట్టి తట్టలను అందుకొని గట్టున పోసినాను. ఎవరూ నన్ను ఉపన్యసించమని అడుగలేదు. మధ్యాహ్నం పంక్తిలో చివర కూర్చొని వారితోపాటే భోజనం చేసినాను. ఆ ముసలమ్మ మజ్జిగ తెచ్చి పోస్తూ, "దిగినావులే నాయినా" అన్నది. నేను పొందిన ధ్రువపత్రాలన్నింటిలోనూ అదియే మిన్న.

సేవకు సమాప్తి లేదు. సేవకుని స్థానం మాత్రమే మారుతుంది. భుజం మార్చిన తరువాత కూడా పల్లకి ప్రక్కనే నడిచే బుద్ధిని, కొమ్మును తరువాతివానికి సంతోషంగా అప్పగించే వినయాన్ని ప్రహ్లాదవరదుడైన అహోబిల నృసింహుడు మనకందరికీ ప్రసాదించుగాక!