పశ్చాత్తాపమునకు ప్రమాణమేది?

దుర్మార్గమును విడిచితినని చెప్పువాని మాటకు ప్రమాణమేది? కన్నీరా? ప్రేమయా? 2005లో వెలువడిన ‘త్సోత్సి’ అను దక్షిణాఫ్రికా చలనచిత్రము ఈ ప్రశ్ననే మన ముందుంచుచున్నది. అథోల్ ఫ్యూగార్డ్ నవల ఆధారముగా గావిన్ హుడ్ దర్శకత్వము వహించిన ఈ చిత్రము 2006లో ఉత్తమ విదేశీ భాషాచిత్రముగా ఆస్కార్ బహుమతి నందినది.

త్సోత్సి యనగా అచటి వాడుకలో రౌడీ యని అర్థము. తండ్రి క్రౌర్యమునకు వెరచి బాల్యముననే ఇల్లు విడిచి, కాంక్రీటు గొట్టములలో తలదాచుకొని పెరిగిన యువకుడు జోహానెస్‌బర్గ్ పేదవాడలో ఒక దోపిడి ముఠాకు నాయకుడైనాడు. ఒకనాటి రాత్రి ఒక స్త్రీని కాల్చి, ఆమె కారును అపహరించును. వెనుక సీటులో పసిబిడ్డ కనబడును. విడువలేక ఇంటికి తెచ్చును. డబ్బాపాలు పట్టగా బిడ్డ ముఖమునకు చీమలు పట్టును. తుదకు మిరియం అను బాలింతను తుపాకితో బెదిరించి పాలిప్పించును. మరల ఆ బిడ్డ తల్లిదండ్రుల ఇంటనే దోపిడికి దిగును.

అతని హృదయమున వాత్సల్యము నిజముగానే ఉదయించినది. కాని చేతిలోని తుపాకి దిగలేదు. ప్రేమ కలిగినంతమాత్రమున అపహరించినది తనదగునా?

బసవేశ్వరుని గూర్చి శరణ సంప్రదాయమున ప్రసిద్ధమైన గాథ యొకటి కలదు. దొంగలు పాడియావులను తోలుకొనిపోగా, పాలు లేక దూడలు అలమటించునని తలచి, వానిని గూడ ఆవుల కడకు పంపుడని ఆయన ఆదేశించెనట. దొంగలు సొత్తును మాత్రమే చూచిరి; బసవన్న తల్లీబిడ్డల బంధమును చూచెను.

త్సోత్సి కన్నులు తెరచినదియు అట్టి మాటయే. బిడ్డను తల్లి కడకు చేర్చుమని మిరియం హితవు చెప్పును. తుపాకి గుండు ఆ తల్లి నడకను హరించినది. దానిని అతడు తిరిగి ఈయలేడు. బిడ్డను మాత్రము ఈయగలడు. అట్లే ఆ ఇంటి ముంగిట బిడ్డను అప్పగించి, పోలీసుల ఎదుట చేతులెత్తి నిలుచును. బిడ్డను దాచుకొన్నన్నాళ్లు అతడు దొంగయే. తిరిగి ఇచ్చిన క్షణముననే తండ్రి మనస్సు గలవాడైనాడు.

శరణులు జన్మనుబట్టి మానవుని విలువ కట్టలేదు. కావున క్రూరుడైన తండ్రికి పుట్టుట నేరము కాదు. నేరమునకు సాకును కాదు.

ఈ విచారము ముఠాలవారికి మాత్రమే పరిమితము కాదు. లంచమును, కల్తీ సొమ్మును ఇంటికి తెచ్చి, “పిల్లల కొరకే” యని సమాధానపడు తండ్రులు సభ్యసమాజమునను కలరు. బిడ్డపై ప్రేమ ఆ సొమ్మును శుద్ధి చేయజాలదు. సత్యకాయకమున లభించిన పిడికెడన్నమే బిడ్డకు ప్రసాదము. అన్యాయముగా తెచ్చినదానిని ఎవరిది వారికి చేర్చుటయే పశ్చాత్తాపమునకు ప్రమాణము.