మంచు కింది చేప, తీగ ఇచ్చే సాక్ష్యం

మిన్నెసోటా సరస్సుల్లో శీతకాలపు మంచుకు రంధ్రం తొలిచి బ్లూగిల్, క్రాపీ వంటి చిన్న చేపలను పట్టేవారు గాలపు కర్ర కొనకు స్ప్రింగ్ బాబర్‌ను, అంటే స్వల్పమైన లాగుడుకే వంగే సన్నని లోహపు తీగనో రేకునో, అమర్చుకుంటారు. తీగ వంపు నుంచి కాటును గ్రహించినట్టు, కనబడే గుర్తు నుంచి కనబడనిదానిని తెలుసుకోవడాన్ని భారతీయ తర్కమైన న్యాయశాస్త్రం అనుమానమనీ, ఆ గుర్తును హేతువనీ, హేతువున్నచోటల్లా సాధ్యం, అంటే తెలుసుకోదలచినది, ఉండితీరాలన్న నియమాన్ని వ్యాప్తి అనీ అంటుంది.

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పిన, పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకునే ఉదాహరణలో లేని చిక్కు ఒకటి ఇక్కడ ఉంది: పొగను ఎవరూ ఎంచుకోరు, ఈ హేతువును మాత్రం మనిషి అంగడిలో ఎంచుకుంటాడు. గట్టి స్ప్రింగ్ మెత్తని కాటును మింగేస్తుంది. మరీ మెత్తనిది జిగ్ బరువుకే, అంటే లోహపు తల పోసిన గాలం బరువుకే, పూర్తిగా వాలిపోయి ఇక దేనినీ చూపలేదు. కనుక ఆ బరువుకు కొద్దిగా మాత్రమే వంగేది తగినది. సీసం కంటే సాంద్రమైన టంగ్‌స్టన్ జిగ్‌కు మారితే, పరిమాణం అదే అయినా, ఎంపికను తిరిగి పరీక్షించాలి. ఆ కొద్ది వంపు కూడా అవసరమే: క్రాపీ తరచు ఎరను పైకి లేపుతుంది, అప్పుడు తీగ మరింత వంగదు, నిటారవుతుంది.

చేప లేకున్నా గాలికి ఊగే తీగ సవ్యభిచారం, అంటే సాధ్యం లేనిచోటా కనిపించే దుష్టహేతువు. గాలపు దారం దూరే తీగ కన్నంలో మంచు పేరుకుని కాటు తెలియకపోవడం దోషమే కాదు, కాలిన ఇనుపగుండులో పొగ లేకున్నా నిప్పు ఉన్నట్టే. అందువల్ల స్ప్రింగ్ ఎంపిక జ్ఞానపు పరిధిని మారుస్తుందే తప్ప, చేప ఉనికిని మనిషి ఇష్టానికి వదలదు.