ఋషుల అప్పు, ఊరి గ్రంథాలయం

మనిషి అప్పుతోనే పుడతాడన్న వైదిక భావన మనకు కొత్త కాదు. దేవతల అప్పు యజ్ఞంతో, పితరుల అప్పు సంతానంతో, ఋషుల అప్పు చదువుతో తీరుతుందంటారు. మొదటి రెంటికీ మన ఊళ్లలో ఏర్పాట్లకు లోటు లేదు. గుడి ఉంది, కల్యాణమండపం ఉంది, ఆబ్దికం పెట్టించే పురోహితుడు ఉన్నాడు. మూడోదాన్ని మాత్రం బడికి అప్పగించి చేతులు దులుపుకున్నాం. పదో తరగతో డిగ్రీయో కాగానే ఆ ఖాతా మూతపడినట్టే లెక్క. బళ్లారి జిల్లాలో సిరుగుప్ప, కంప్లి, సండూరు వంటి చిన్న ఊళ్ల గ్రంథాలయాల్లో పెద్దవాళ్ల కోసం సభలు జరగాలా, పుస్తకం చదివి వినిపించడం, చర్చ పెట్టడం, అక్షరాలు నేర్పడం గ్రంథాలయం పనేనా అని అడిగితే, సంభాషణ వెంటనే నిధుల మీదికో తీరిక మీదికో మళ్లుతుంది. అది ముందుగా ధర్మానికి సంబంధించిన ప్రశ్న అని నా వాదం. ఋషి ఋణం అన్న మాటను మనం నిజంగా నమ్ముతుంటే, దాన్ని తీర్చుకునే చోటు ఊళ్లో ఒకటి ఉండాలి. ఇవాళ అందరికీ తలుపు తెరిచి ఉంచే అలాంటి చోటు గ్రంథాలయమే.

తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి ఇంటికి బయల్దేరే శిష్యుడికి గురువు చేసే ఉపదేశం ఒకటి ఉంది. స్నాతకోత్సవాల్లో వల్లించి వల్లించి దాన్ని అరగదీశాం గానీ, అది ఎవరితో చెబుతున్న మాటో గమనించం. విద్యార్థి దశ దాటి పెళ్లీ సంసారమూ మొదలుపెట్టబోయే మనిషితో చెబుతున్న మాట అది. స్వాధ్యాయాన్నీ ప్రవచనాన్నీ ఏమరవద్దంటాడు గురువు. అంటే చదువు బాధ్యత బడితో తీరిపోదు, గృహస్థుగా మారాక కూడా వెంట వస్తుంది. పైగా ఆ బాధ్యతకు రెండు భాగాలు: తాను చదవడం, చదివింది మరొకరికి చెప్పడం. పుస్తకం ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటే మొదటి సగం తీరుతుంది. ఫోన్లో అన్నీ దొరుకుతుంటే గ్రంథాలయం దాకా ఎందుకన్న ప్రశ్నకు జవాబు రెండో సగంలో ఉంది. ఫోన్ చదివిస్తుంది, వినిపిస్తుంది. కానీ అర్థం కాని చోట మొహం చిట్లించే పక్కింటాయన్ని ఎదురుగా పెట్టుకుని, అదే సంగతిని మూడో విధంగా చెప్పాల్సిన అవసరం ఫోన్ కల్పించదు. ప్రవచనానికి ఎదుట మనుషులు కావాలి, వాళ్లు కూర్చోవడానికి ఒక గది కావాలి.

బళ్లారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 1886లో ఇక్కడ ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టారు. దానికి పోటీగా కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిచింది. ఇద్దరూ వృత్తిరీత్యా వకీళ్లే. పగలు కోర్టు, రాత్రి నాటకం. తర్వాత వచ్చిన బళ్లారి రాఘవా వకీలే, ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ వేషం కట్టారు. జీతం రాదు, పరీక్ష లేదు, సర్టిఫికెట్ అంతకన్నా లేదు. అయినా నడివయసు మనుషులు చేరి పురాణాన్ని, చరిత్రను తవ్వి, పాఠాలు బట్టీపట్టి ఊరికి అప్పజెప్పారు. దాన్ని మనం కళాసేవ అని సన్మానించి ఊరుకున్నాం. వయోజన విద్య అనలేదు, నిజానికి అది అదే. తెలుగునాట గ్రంథాలయోద్యమం గ్రంథాలయాన్నీ వయోజన విద్యనూ విడదీయలేదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య వంటి వారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. తర్వాత దాన్ని ఏళ్ల తరబడి నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు మన పక్క కర్నూలు జిల్లా మనిషి. రాజద్రోహ నేరం కింద 1908లోనే జైలుకు వెళ్లినవాడు. గ్రంథాలయమూ వయోజన విద్యా ఆయనకు ఒకే పనికి రెండు పేర్లు. చదవడం రానివాళ్లకు పత్రిక చదివి వినిపించడం ఆ రోజుల్లో గ్రంథాలయ కార్యకర్తకు దినచర్య. 2011 జనాభా లెక్కల్లో అవిభక్త బళ్లారి జిల్లా అక్షరాస్యత నూటికి 67 దగ్గరే ఆగింది కాబట్టి, ఆ పని కాలం చెల్లిందని ఎవరూ అనలేరు.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి వస్తుంది. ఋషి ఋణం అంటున్నారు సరే, ఆ అప్పు ఎవరి పేరు మీద రాశారు? తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు పుడుతూనే మూడు ఋణాలతో పుడతాడంటుంది. వేదవిద్యకు శూద్రుడికి అధికారం లేదని బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరులు వాదించారు, ఇతిహాస పురాణాల ద్వారా మాత్రం జ్ఞానం అందరికీ అందవచ్చన్నారు. చదువు దగ్గరికి తరతరాలుగా రానివ్వని జనంతో ఇప్పుడు వచ్చి మీరూ బాకీదార్లే అనడం అన్యాయం కాదా? అన్యాయమే, ఆ అప్పును ఆ పాఠంతోనే లెక్కగడితే. శతపథ బ్రాహ్మణం మరోలా చెప్పింది. ఉన్నవాడెవడైనా ఋణంగానే పుడతాడంటుంది. మూడింటికి తోడు మనుష్య ఋణం అని నాలుగోది కలుపుతుంది. చదివినవాణ్ణి ఋషుల నిధికి కాపరిగా పేర్కొంటుంది. రాసినవారి మనసులో ఊరందరూ ఉన్నారని నేననను. కానీ పాఠం అంత వెడల్పు తలుపు తీసి పెట్టాక మనం దాన్ని మూయాల్సిన పని లేదు. కలబురగి ప్రాంతంలోని నాగాయి శాసనం 1058 నాటిది. అక్కడి ఘటికాశాలలో అధ్యాపకులతో పాటు ఆరుగురు సరస్వతీ భాండారికులు, అంటే పుస్తకాల కాపరులు, ఉండేవారని అది చెబుతుంది. నిధి ఉంది, కాపరులూ ఉన్నారు, లోపలికి వచ్చేవాళ్లే కొద్దిమంది. చదువు అందనివాడు బాకీదారు కాడు, అతనికే బాకీ రావాలి. చదివినవాళ్ల మీద ఆ నాలుగో అప్పు భారం రెట్టింపు. ఈ లెక్కన చూస్తే, గ్రంథాలయంలో సాయంత్రం పూట కూలివాడికి అక్షరం నేర్పడాన్ని పుణ్యకార్యంగా చెప్పుకోవడం నాకు నచ్చదు. అప్పున్నవాడు అసలు కడుతూ దాన్ని దానం అనుకోకూడదు.

సరిహద్దు జిల్లాలో ఈ అప్పు ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. ఏ భాష ఋషులకు? 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. తుంగభద్ర ఆయకట్టుకు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులంటారు. అక్కడ తాత తెలుగు పేపరు చదువుతాడు, మనవడు ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో కన్నడం చదువుతాడు. ఒకే ఇంట్లో ఒకరు చదివింది మరొకరు చదవలేరు. అడ్డు భాష కూడా కాదు, లిపి. అదీ ఎంత అడ్డు? రెండూ ఒకే తెలుగు కన్నడ లిపి నుంచి విడివడ్డవి. తలకట్టు రూపం మారుతుంది, కొన్ని అక్షరాలు ఒంపు తిరుగుతాయి, చాలా గుణింతాలు చూడగానే పోల్చుకోవచ్చు. ఒకటి వచ్చిన పెద్దవాళ్లు రెండోది నేర్చుకోవడానికి ఏడాదులు పట్టవు. బళ్లారి జిల్లా గ్రంథాలయాలు వేరే ఏమీ చేయకపోయినా వారానికో సాయంత్రం తాతలకు కన్నడ అక్షరాలు, మనవలకు తెలుగు అక్షరాలు నేర్పితే చాలునన్నది నా లెక్క. తెలుగు సభలు పెడితే కన్నడానికి ద్రోహమనేవారూ, కన్నడ గ్రంథాలయంలో మనకేం పని అనేవారూ అత్తిమబ్బెను గుర్తు చేసుకోవాలి. వేంగి మూలాలున్న కుటుంబంలోని జైన స్త్రీ ఆమె. కన్నడ కవి పొన్నడి శాంతిపురాణానికి తాళపత్రాల మీద వెయ్యి ప్రతులు రాయించి పంచిందని ప్రసిద్ధి. అచ్చుయంత్రం లేని పదో శతాబ్దం చివర వెయ్యి ప్రతులంటే ఎన్ని చేతుల పనో! శాస్త్రదానాన్ని నాలుగు దానాల్లో ఒకటిగా ఎంచిన మతం ఆమెది. పుస్తకం ఏ భాషలో ఉందన్నది ఆమెకు ఎల్ల కాలేదు.

ప్రజల డబ్బుతో నడిచే చోట ఋషులూ పురాణాలూ ఏమిటన్న ఆక్షేపణను కొట్టిపారేయలేం. గ్రంథాలయ సెస్సు అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ కడతారు. ఏదో ఒక మత ప్రచారానికి ప్రత్యేకించే పన్నును కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతోంది. కాబట్టి గ్రంథాలయంలో భజన కుదరదు, హారతి కుదరదు. అయితే మత గ్రంథాలనే బయటపెట్టాలా? అలా చేస్తే ఈ జిల్లా పెద్దల్లో సగం మందికి తెలిసిన సాహిత్యమంతా బయటపడుతుంది. గీత గీయాల్సింది గ్రంథం దగ్గర కాదు, ప్రశ్న దగ్గర. కన్నడ నాట గమకం ఉంది, మన దగ్గర పురాణ పఠనం ఉంది, పద్ధతి ఇంచుమించు ఒకటే. ఒకరు కుమారవ్యాసుడి షట్పదినో పోతన పద్యాన్నో రాగంతో చదివి ఆపుతారు, పక్కన కూర్చున్నవారు అర్థం చెబుతారు, జనం తలలూపుతారు. గుడిలో అంతటితో సరిపోతుంది. గ్రంథాలయంలో సరిపోదు. అర్థం చెప్పడం కాగానే వెనక వరసలోంచి ఒకావిడ లేచి, ద్రౌపదిని పందెం ఒడ్డే హక్కు ధర్మరాజుకు ఎక్కడిదని అడగగలగాలి. ఆ ప్రశ్న సభాపర్వంలో ద్రౌపది అడిగిందే. ఖురాన్ మీద చర్చకూ బసవన్న వచనాల మీద చర్చకూ ఇదే షరతు. పన్నెండో శతాబ్దపు కల్యాణంలో అనుభవ మంటపం గురించి చెప్పుకునే కథల్లో అక్కమహాదేవి అంతటామె అల్లమప్రభువు ప్రశ్నలన్నిటికీ నిలబడి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రశ్నకు చోటిస్తే భక్తి చెడుతుందనేవాళ్లు ఉంటారు. వాళ్లకు గుడీ మసీదూ మఠమూ తెరిచే ఉన్నాయి, అక్కడ వాళ్లను ఎవరూ కదిలించరు.

ఇంతా చేసి పదిమంది వస్తారు, కరెంటు బిల్లు దండగ అనేవాళ్లకు నా దగ్గర లాభనష్టాల పట్టీ లేదు. బాకీ విషయంలో అడగాల్సింది ఎంతమంది వచ్చారని కాదు, వచ్చినవాళ్లకు ఏం అందిందని. కాకపోతే నిర్వాహకులు చేయదగ్గది ఒకటుంది. గ్రంథాలయ వేళలు ఉద్యోగుల వీలును బట్టి పెడతారు, అవి చాలావరకు కూలికీ పొలానికీ వెళ్లేవాళ్ల పని వేళలే. సభ పెట్టే రోజైనా తలుపులు రాత్రి దాకా తీసి ఉంచాలి. ఏ పుస్తకం చదవాలో కమిటీ ఒక్కటే తేల్చకుండా, వచ్చేవాళ్లు కన్నడంలోనో తెలుగులోనో ఉర్దూలోనో పేరు రాసి పోయే చీటీ పెట్టె ఒకటి గుమ్మం దగ్గర ఉండాలి. కమిటీకి నచ్చని పేర్లు అందులో తప్పకుండా పడతాయి. వాటిలో ఏడాదికి కొన్నైనా చదివి తీరాలన్న నియమాన్ని కమిటీ తనకు తానే పెట్టుకోవాలి.