గ్రహమని దేనిని పిలువవలెను?

ఆదికాండము రెండవ అధ్యాయములో ఒక చిన్న సంగతి గలదు. చదువునప్పుడు మనము దానిని త్వరగా దాటిపోవుదుము. తాను చేసిన జీవులను దేవుడు ఆదాము ఎదుట నిలిపి, వాటికి పేరు పెట్టు పనిని అతనికి విడిచెను. కలుగజేయుట దేవుని పని. పేరు పెట్టుట మనుష్యునికి అప్పగింపబడిన పని. ఈ రెండు పనులకు నడుమ ఎంత దూరమున్నదో ఈ మాసము ఆలోచింతము. ఇందుకు ఖగోళ శాస్త్రజ్ఞుల మధ్య నడచిన ఒక వివాదము మనకు సహాయపడును.

ఇంగ్లీషువారు ప్లానెట్ అను మాటను గ్రీకు భాషనుండి తీసికొనిరి. దానికి తిరుగాడునది అని అర్థము. యూదా పత్రిక 13వ వచనములో దుర్బోధకులను చుక్కలతో పోల్చినచోట మూలభాషలో ఉన్నది ఈ మాటయే. స్థిరముగా కనబడు నక్షత్రముల నడుమ చలించు ప్రతి జ్యోతికి ప్రాచీనులు ఆ పేరిచ్చిరి. అందుచేత వారి లెక్కలో సూర్యచంద్రులు గ్రహములు. భూమి గ్రహము కాదు. మన దేశపు నవగ్రహములలో సూర్యచంద్రులేగాక రాహుకేతువులును చేరియున్నారు. రాహుకేతువులు నిజమునకు గోళములే కావు. ఆకాశమున చంద్రుని త్రోవ సూర్యుని త్రోవను దాటు రెండు స్థానములు. ఈ తొమ్మిదికిని, 1930 తరువాత బడిపుస్తకములలో చదివిన తొమ్మిదికిని సంఖ్య ఒకటే గాని జాబితా వేరు. రెంటిని కలిపివేయు పెద్దలు కూడ లేకపోలేదు. 1543లో కొపర్నికసు గ్రంథము వెలువడిన తరువాత క్రమముగా సూర్యుడు ఆ జాబితానుండి తొలగెను, భూమి అందులో చేరెను. అందువలన ఆకాశములో ఏమియు కదలలేదు.

1801 జనవరి 1న సిసిలీ ద్వీపమందలి పలెర్మోలో పియాజ్జి అను కతోలిక గురువు దూరదర్శినితో ఒక క్రొత్త జ్యోతిని కనుగొనెను. అంగారకునికిని బృహస్పతికిని నడుమ తిరుగు ఆ గోళమునకు సెరెస్ అని పేరు పెట్టి గ్రహములలో లెక్కించిరి. 1802లో పల్లాస్, 1804లో జూనో, 1807లో వెస్టా కనబడెను. ఇవి గ్రహములు కావు, ఆస్టెరాయిడ్లు అనదగినవని విలియం హెర్షెల్ 1802లోనే చెప్పెను గాని అనేకులు ఒప్పుకొనలేదు. 1845లో ఐదవది దొరికెను. అటుతరువాత ఏటేట క్రొత్తవి రాగా గ్రహముల లెక్క ఇరువది దాటెను. అప్పుడు వాటిని వేరొక తరగతిగా వ్రాయసాగిరి. ఏ సభయు కూడలేదు, ఎవరును చేతులెత్తలేదు. అలవాటు మారినది, అంతే. సెరెస్ కొరకు కన్నీరు విడిచినవారిని గూర్చి మేమెన్నడును చదువలేదు.

ప్లూటో విషయము అట్లు కాలేదు. 1930 ఫిబ్రవరి 18న అమెరికాలో అరిజోనా రాష్ట్రమందలి లోవెల్ వేధశాలలో క్లైడ్ టాంబో అను యువకుడు, జనవరి మాసపు రెండు ఫోటో పలకలను పోల్చిచూచి, ఒక చుక్క స్థానము మారుట కనిపెట్టెను. అతడు కాన్సాస్ రాష్ట్రపు సేద్యగాని కుమారుడు. అప్పటికి కాలేజీ మెట్టెక్కలేదు. ఆక్స్‌ఫర్డులోని పదునొకండేండ్ల బాలిక వెనీషియా బర్నీ ప్లూటో అను పేరు సూచించెను. మొదట అది భూమికంటె బరువైనదై యుండునని ఆశించిరి. 1978లో దాని ఉపగ్రహమైన కేరన్ కనబడిన పిమ్మట తూచిచూడగా, భూమి బరువులో సుమారు అయిదువందలవ వంతు మాత్రమే అని తేలెను. అది మన చంద్రునికంటె చిన్నది. 1992లో జువిట్, లూ అను ఇరువురు ఆ దూరప్రాంతములోనే మరియొక గోళమును కనుగొనిరి. అటుపిమ్మట వందలకొలది దొరికెను. 2005లో ప్రకటింపబడినది ప్లూటోకంటె పెద్దదని తలంచిరి (కొలతలో కొంచెము చిన్నదే గాని బరువులో ఎక్కువ అని పిమ్మట తెలిసెను). దానికి గ్రీకుల కలహదేవత పేరు ఏరిస్ అని పెట్టిరి. ఆ పేరు తగినదే!

ఏలయనగా, ఏరిస్ గ్రహమైనయెడల ఇంక ఎన్నిటిని చేర్చవలెను? కాదన్నయెడల ప్లూటో ఏమగును? అంతర్జాతీయ ఖగోళ సమితి 2006 ఆగస్టులో ప్రాగ్ నగరమున కూడెను. మొదటి ముసాయిదాప్రకారము గ్రహములు పండ్రెండగును. దానిమీద గట్టి వాదములు జరిగెను. 24వ తేదీన ఓటు వేసినవారు 424 మంది. సమితి సభ్యులో, వేలకొలది. క్వేకరు విశ్వాసియైన జోసెలిన్ బెల్ బర్నెల్ గారు ఒక గొడుగును చూపి, గ్రహమను మాట క్రింద ఏవేవి ఇమడవలెనో సభకు వివరించిరి. తుదకు మూడు షరతులు నిలిచెను. గ్రహము సూర్యుని చుట్టు తిరుగవలెను. తన బరువుచేత తానే గుండ్రనిది కావలెను. తన త్రోవ పొరుగును ఇతర వస్తువులు లేకుండ తుడుచుకొనియుండవలెను. ప్లూటో మూడవదానిలో తప్పిపోయి మరుగుజ్జు గ్రహమాయెను. సెరెస్ కూడ ఆ వరుసలో చేరెను, దానికది హెచ్చింపు.

ఈ మూడవ షరతు దగ్గర కొంచెము ఆగుదము. గుండ్రముగా నుండుట వస్తువు తనలో కలిగియున్న గుణము. త్రోవను తుడుచుకొనుట, పొరుగువాటిమీద దానికున్న బలము. సూర్యునికి దూరమైన కొలది ఆ పని కష్టము గనుక, ఒకే గోళమునకు ఒకచోట ఒక పేరు, వేరొకచోట వేరొక పేరు రావచ్చును. ఆలన్ స్టెర్న్ మొదలగు శాస్త్రజ్ఞులు దీనిని బలముగా ఆక్షేపించిరి. రెండవ పక్షమువారి మాటయు తేలికది కాదు. పొరుగుమీద బలమును లెక్కకట్టినయెడల, ఆ ఎనిమిదింటికిని మిగిలినవాటికిని నడుమ వేలరెట్ల ఎడము గలదు. ఆ ఎడమును మనుష్యులు కల్పింపలేదు, కనుగొనిరి. దానినే గ్రహమునకు గురుతుగా పెట్టుకొనుట మాత్రము వారి నిర్ణయము. ఇంతవరకు వారిని తప్పుపట్టుటకు మాకు కారణము కనబడదు.

ప్లూటోకు ఈ తీర్మానము తెలియదు, నొప్పియు లేదు. మనుష్యునికి పేరు పెట్టునప్పుడు సంగతి వేరు. 1950లో మన దేశములో షెడ్యూల్డు కులముల ఉత్తరువు వెలువడినప్పుడు, హిందూ మతము అవలంబించినవారే ఆ జాబితాలోనివారని నిర్ణయింపబడెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. ఆ సవరణలలో క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మము పొందిన దినమున అతని గుడిసె మారలేదు, కూలి పెరుగలేదు, ఊరిబావి దగ్గర చూపు మారలేదు. కాగితముమీది పేరు మాత్రము మారెను. దానితో బిడ్డల ఉపకారవేతనమును, ఉద్యోగమును మారెను.

ప్రభుత్వమును అడుగుట మన హక్కే. అయితే అడుగుచున్న సంఘములో ఆ మూడవ షరతు ఏ బల్లమీద కూర్చున్నదో కూడ చూడవలెను. చుట్టునున్నవారిని త్రోవనుండి తొలగించుకొనినవాడే మనకు పెద్ద విశ్వాసి. బంగారు ఉంగరమును, మురికి బట్టలను గూర్చి యాకోబు రెండవ అధ్యాయములో వ్రాసినది ఇదే. ఒకే బల్లయొద్ద రొట్టె విరుచువారు వివాహమప్పుడు కులము అడుగుచున్నారు. కొన్ని ఊళ్లలో సమాధిస్థలములు కూడ వేరు. ఈ నిర్వచనమును ఏ సభలో, ఎంతమంది ఓటుతో అంగీకరించితిమి? మినిట్సు పుస్తకములో అది ఎక్కడను లేదు. సెరెస్ విషయమువలె, అలవాటు చేసినది.

అట్లయిన లెక్కలే వద్దా? వద్దనము. సంఘపు పట్టీ కావలెను, వివాహపు రిజిస్టరు కావలెను. మోషే కాలమున కూడ జనసంఖ్య తీసిరి. అయితే మనము వ్రాసిన పట్టీకి తేదీ ఉండును, వ్రాసినవారుందురు, ప్రయోజనముండును, దిద్దుటకు చోటుండును. నక్షత్రములను లెక్కించి వాటినన్నిటిని పేరుపెట్టి పిలుచువానిని గూర్చి 147వ కీర్తన చెప్పుచున్నది. ఆ పట్టీ మన చేతికి రాలేదు.

టాంబో 1997లో మృతినొందెను. అతని చితాభస్మములో కొంత న్యూ హొరైజన్స్ అను నౌకలో ఉంచి 2006 జనవరి 19న పంపిరి. నౌక బయలుదేరినప్పుడు ప్లూటో గ్రహము. ఏడు మాసములకు ఆ పేరు పోయెను. 2015 జూలై 14న నౌక దాని ప్రక్కగా సాగిపోవుచు నీటిమంచు కొండలను, గడ్డకట్టిన నత్రజని మైదానమును చిత్రించి పంపెను. సండేస్కూలు బోధకులు ఆ చిత్రములను పిల్లలకు చూపవచ్చును. గ్రహములెన్ని అని వారడిగినయెడల ఎనిమిది అని చెప్పి, ఆ లెక్క 2006లో కుదిరినదని కూడ చెప్పవలెను.